జింకల కోసం విత్తిన ఉలవచేను

ఆ వయసులో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇరవై రెండేళ్ళు నిండి, వ్యవసాయ డిప్లొమా చేతికొచ్చి, ఫోనులో కావలసినంత డేటా ఉన్న ఆడపిల్లకి ఈ లోకంలో ఇంక నేర్చుకోవలసింది ఏముంటుంది చెప్పండి! (ఒక్కొక్కటే తెలియకుండా పోవడం ముప్పై దాటాక మొదలైంది. ఇప్పుడు నాకు తెలిసినవి బహు తక్కువ.) అయితే నా జ్ఞానం మీద మా నాన్నకి మాత్రం నమ్మకం కుదరలేదు. ఆయనకి సాలూరులో లారీల స్పేరు పార్టుల దుకాణం. షట్టరెత్తిన దగ్గర్నుంచి దించేదాకా గ్రీజు వాసన, హారన్ల మోత, బేరాలు. "సదువైపోనాది గదా, రేపట్నుంచి వచ్చి గల్లా కాడ కూకో" అన్నాడు, నేను పట్టా తెచ్చి చేతిలో పెట్టిన రోజునే. మట్టీ మొక్కా అంటూ ఇన్నాళ్ళు చదివి చివరికి బ్రేకు లైనర్లు అమ్మాలా? ఏడ్చాను, మొండికేశాను, అన్నం మానేశాను (ఎవరూ చూడకుండా అమ్మ పెట్టిన ఉప్మా లెక్కలోకి రాదు). ఆఖరికి ఒక ఒప్పందం కుదిరింది. చలికాలం వెళ్ళేలోగా చదువుకి తగ్గ ఉద్యోగం సంపాదించి నిలబెట్టుకుంటే నా దారి నాది. లేకపోతే నోరు మూసుకుని గల్లా పెట్టె. "దొరకడం గాదు, నిలబడాల" అని నాన్న మరీ మరీ చెప్పాడు.

శృంగవరపుకోట దాటి అరకు దారిలో కొంచెం పోయాక, రోడ్డు దిగి కొండల కిందకి వెళితే పర్యాటకుల కోసం ఒక విడిది కడుతున్నారని తెలిసి అక్కడికి పరిగెత్తాను. దాని యజమాని విశాఖపట్నం ఆయన. మెడలో ఎప్పుడూ దుర్భిణీ వేలాడుతూ ఉండేది. భోజనం చేసేటప్పుడు కూడా తీసేవాడు కాదు, అందుకని సాంబారు పడకుండా దానికి ఒక ప్లాస్టిక్ సంచి తొడిగేవాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయనకి 'దుర్భిణీ బాబు' అని పేరు పెట్టారు. నేను వెళ్ళేసరికి ఆయన మహా దిగులుగా ఉన్నాడు. "గదిలోంచి చూస్తే జింకలు కనబడతాయని అందరికీ చెప్పేశానమ్మా. కొండ మీద గుంపులు గుంపులుగా ఉన్నాయట. ఒక్కటీ కిందకి దిగట్లేదు. నువ్వేమైనా చేయగలవా?" అన్నాడు. "చేయగలనండి" అంది నా నోరు. నన్ను అడగనైనా అడగలేదు. ముందురోజే ఫోనులో ఏదో మంచు దేశపు వీడియో చూశాను. అక్కడ జనం అడవి పక్కన జింకలకి ఇష్టమైన పంట వేస్తారు, జింకలు తోకలు ఊపుకుంటూ వచ్చేస్తాయి. (ఆ వీడియోలో రెండో సగం తుపాకీలు ఉంటాయి. ఆ సగం గురించి నేను బాబుగారికి చెప్పలేదు. మనది చూడ్డం వరకే.) ఆయన కళ్ళు మెరిశాయి. సొంత భూమిలో ఉలవలు వేసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదని అటవీ కచేరీలో కనుక్కుని వచ్చాడు కూడా. "శీతకాలం సెలవుల్లో ప్రారంభోత్సవం. ఆ రోజు మా అతిథులకి జింకలు కనిపిస్తే నీ ఉద్యోగం ఖాయం. లేకపోతే ఏమీ అనుకోకు" అన్నాడు. నేనెందుకు అనుకుంటాను! అనుకునేదంతా సాలూరులో మా నాన్న.

విడిదికి అడవి వైపున, ఉలవలు వేయాలనుకున్న నేల చివర ఒక గెడ్డ పారుతుంది. గెడ్డ అవతల మా అమ్మ పుట్టిన ఊరు, అక్కడ మా మావ, అత్త. కాబట్టి బస వాళ్ళింట్లోనే. మా మావ గురించి మీకు కాస్త చెప్పాలి. కొండ అంచున చేను ఉన్నవాడికి సగం బతుకు పంట పండించడం, మిగతా సగం ఆ పంటని దుప్పులూ పందులూ తినకుండా కాయడం. రెండో సగంలో మావ ఆరితేరిన మనిషి. ఒక ఖాళీ నూనె డబ్బా, ఒక కర్ర, ఒక గొంతు. ఆయన "హోయ్" అంటే పొయ్యి మీద పాలు పొంగడం మానేసేవని మా అత్త అనేది. అలాంటి మనిషికి నేను నా పథకం చెప్పాను. మావ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"మెకాలకి సేను ఏస్తావా?"

"అవును మావా."

"అవి తినడానికా?"

"అవును మావా."

"ఒసే, దీనికి కాసింత మజ్జిగ తే. ఎండ దెబ్బ తగిలినట్టున్నాది" అని లోపలికి కేకేశాడు. అత్త నిజంగానే చెంబుడు మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టింది. నేను మజ్జిగ తాగుతూ మొత్తం మళ్ళీ చెప్పాను. జింకలు రాకపోతే సాలూరు గల్లా పెట్టె తప్పదని చెప్పేసరికి మావ ముఖం మారిపోయింది. మా నాన్నకీ ఆయనకీ బావా బావమరుదుల కీచులాట ఎప్పుడూ ఉన్నదే. "నీ బాబు మాట నెగ్గకూడదు. పద, దుక్కి నాను దున్నుతాను. ఏటి ఇత్తుదామంటావు, డిప్లమా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో నా పేరు డిప్లమా అయి కూర్చుంది.

విత్తనాల సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. వీడియోలో చెప్పిన ఇంగ్లీషు గడ్డి పేరు కాగితం మీద రాసుకుని ఎస్. కోట విత్తనాల దుకాణానికి వెళ్ళాను. ఆ షావుకారు కాగితాన్ని తలకిందులుగా కూడా చదివి చూసి, "పోనీ పుట్టగొడుగులు తీసుకెల్తావేటమ్మా" అన్నాడు. చివరికి ఉలవలూ బొబ్బర్లూ తీసుకుని, అంచున మేతగా చల్లడానికి పిల్లిపెసర కూడా కట్టించుకుని వచ్చాను. కంచె విషయం ఇంకో చిక్కు. ఊరి ఆవులు లోపలికి రాకూడదు, కొండ జింకలు రావాలి. ఆవు దూకలేనిదీ జింక దూకగలిగినదీ చూసి నడుమెత్తు కంచె కట్టించాను. జింకలకి ఉప్పంటే ఇష్టమని ఉప్పు రాళ్ళు కూడా పెట్టించాను గాని, ఊరి మేకలకి కూడా ఇష్టమేనని నాకెవరూ చెప్పలేదు. అవి కంచెలోంచి నాలుకలు చాపి మొత్తం నాకేశాయి.

విత్తే రోజున మావ తలపాగా చుట్టుకుని తూర్పుకి తిరిగి దండం పెట్టుకున్నాడు. విత్తనం నేల మీద పడేముందు అమ్మవారికి ఒక మాట చెప్పడం వాళ్ళింట్లో తాతల నాటి రివాజు. కళ్ళు మూసుకుని, గింజలు గుప్పెట్లో పట్టుకుని, "తల్లీ! సల్లగా మొలిపించు, నిండుగా కాయించు, ఒక్క మెకం కూడా మూతి పెట్టకుండా కాసుకో" అని గడగడా మొక్కేశాడు. "మావా!" అని అరిచాను నేను. మావ నాలుక కరుచుకున్నాడు. "అలవాటే పిల్లా. ఆ తల్లికి మాత్రం తెలవదేటి మన సంగతి?" అని సర్దేశాడు. నాకు నవ్వాగలేదు, గట్టు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాను. నా నవ్వు చూసి గొర్రు లాగుతున్న ఎడ్లు ఆగిపోయాయి.

చేను మొలిచింది చూడండీ, ఏమని చెప్పను! రెండు మంచి వానలు పడ్డాయి. మావ కలుపు తీశాడు, చాళ్ళు దువ్వాడు, పురుగు కనిపిస్తే దాని వంశంతో సహా తిట్టాడు. ఊళ్ళోవాళ్ళు పనిగట్టుకుని వచ్చి చూసి వెళ్ళేవారు. "మావా, మరీ అంత ముస్తాబెందుకు, తినేవి జింకలే కదా" అంటే, "తినీవోళ్ళెవులైతేనేటి, సేను సేనే గదా" అనేవాడు. అంతా బాగుంది గాని జింకలు మాత్రం రావడం లేదు. రోజూ పొద్దున్నే గిట్టల గుర్తుల కోసం కంచె చుట్టూ మట్టి మీద వంగి వెతికేదాన్ని. మేకవి, ఆవువి, ఒకసారి నావే. దుర్భిణీ బాబు మేడ మీద నుంచి చూసి చూసి కళ్ళకింద నల్లటి వలయాలు తెచ్చుకున్నాడు. ప్రారంభోత్సవం దగ్గర పడింది. నాన్న ఫోను చేసినప్పుడల్లా వెనకాల లారీ హారన్లు వినిపించేవి. (నన్ను భయపెట్టడానికి కావాలనే రోడ్డు మీదికొచ్చి మాట్లాడేవాడని నా అనుమానం.)

"ఇదంతా ఆ మొక్కు పనే" అంది అత్త. "మీ మావ రావద్దన్నాడు, అమ్మోరు రానివ్వడం నేదు. అంతేనేటి!" డిప్లొమా చదివినదాన్నే, అయినా మరుసటి రోజు కొబ్బరికాయ పట్టుకుని అత్త వెనకాల నడిచాను. అత్త అమ్మవారి ముందు నిలబడి ఎదురింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడింది. "తల్లీ, ఆయన నోటికొచ్చినట్టు ఏదో వాగీసినాడు, నువ్వు మనసులో ఎట్టుకోకు. మెకాల్ని రానీ తల్లీ. అలగని మా సేన్లోకి గాదు. ఇదిగో, ఈ గుంటదాని సేన్లోకి. గెడ్డకి అవతల. గురుతెట్టుకో." కొబ్బరికాయ తెల్లగా పగిలింది. ఇద్దరం ఎంతో తృప్తిగా ఇంటికొచ్చాం. జింకలు మాత్రం రాలేదు.

ప్రారంభోత్సవానికి ముందు రోజు, ఇంక ఆగలేక, తెల్లారుతుండగానే చేను దగ్గరికి వెళ్ళాను. మంచులో మొదట కనిపించింది కంచె లోపల చేతులు చాపి నిలబడ్డ ఒక మనిషి. దగ్గరికి వెళితే అది దిష్టిబొమ్మ. కుండ తలకి సున్నపు కళ్ళు, కిందకి విడిదివాళ్ళు పనివాళ్ళకి ఇచ్చిన కొత్త చొక్కా. దాని రొమ్ము మీద పెద్ద అక్షరాలతో 'సుస్వాగతం' అని ఉంది. నేనింకా తేరుకోకముందే గట్టు మీది చెట్టు కొమ్మల్లోంచి డబ్బా మోగింది. ఆ వెంటనే "హోయ్!" అని, పాలు పొంగకుండా ఆపే ఆ కేక. కొండ అంచున పొదలు కదిలాయి, తెల్లటి తోకలు రెండు మూడు మెరిసి మాయమైపోయాయి.

"మావా!"

పైనుంచి మెల్లగా రెండు కాళ్ళు దిగాయి, ఆ తర్వాత మావ, వీపు వెనక డబ్బా. రోజూ చీకటితోనే "సేనుకెల్తన్నాను" అని వెళ్ళేవాడు, ఎండెక్కి నేనొచ్చేలోగా బొమ్మని పీకి దాచేసేవాడట. కేక వినబడినా సొంత చేనులోంచే అనుకున్నాం అత్తా నేనూ. ఏ చేనని మేమెవరమూ అడగలేదు మరి.

"తినడానికే కదా మావా ఏసినాం! అవి రాకపోతే నా ఉద్యోగం పోతాది. తెలిసి కూడా ఇదేం పని?" అని ఏడుపు గొంతుతో దెబ్బలాడాను. మావ తల వంచుకున్నాడు.

"తెలుసే. రోజూ అనుకుంటన్నాను, రేపు తోలను, రేపు తోలనని. పొద్దున్న వచ్చి సూస్తే పూత మీదున్నాది. ఆటి మూతి పచ్చ మీద పడీసరికి నోరు దానంతటదే లేసిపోతన్నాదే! నానేటి సేసేది? పుట్టి బుద్దెరిగిన కాడ్నుంచి ఇదే గదా పని" అన్నాడు. కోపం ఎంత తెచ్చుకుందామన్నా రాలేదు నాకు. నాకంటే ఆయనకే ఎక్కువ ఏడుపొచ్చేలా ఉంది. డబ్బా నా చేతికిచ్చేసి, "ఇంక తోలితే నీ మీదొట్టు" అన్నాడు. నేనే వెళ్ళి ఆ సుస్వాగతం బొమ్మని పీకేశాను.

ప్రారంభోత్సవం రోజు సాయంత్రం అతిథులందరూ మేడ మీదికి చేరారు. పట్టుచీరలు, కెమెరాలు, పకోడీ పళ్ళాలు. మావ కూడా ఉతికిన పంచె కట్టుకుని భుజాన తువ్వాలుతో వచ్చి నా వెనకాల నిలబడ్డాడు. ఎండ పసుపురంగులోకి తిరిగింది, కొండ నీడ చేను మీదికి పాకింది. నిలువెత్తు నమ్మకంతో నేను చెయ్యి చాపి "అదిగోనండి, అక్కడికే వస్తాయి" అన్నాను. అందరూ చూశారు. చేను పచ్చగా, నిండుగా, ఖాళీగా ఉంది. ఇన్నాళ్ళు ఆ డబ్బా దెబ్బలు తిన్న జింకలు ఒక్క రోజుకి ఎందుకొస్తాయి? పకోడీలు అయిపోయాయి. ఒకాయన ఆవులించాడు. దుర్భిణీ బాబు నా వైపు చూడడం మానేశాడు. చెవుల్లో లారీ హారన్లు మోగడం మొదలైంది నాకు. అప్పుడు మూల కుర్చీలో కూర్చున్న ఒక ముసలావిడ కళ్ళజోడు సర్దుకుంటూ, "ఏమర్రా, అవతల గట్టు మీద కనబడుతున్నవి మేకలా?" అంది.

బాబుగారి దుర్భిణీ గిర్రున అటు తిరిగింది. "జింకలు!" అని ఆయన అరిచిన అరుపుకి నా ప్రాణం లేచొచ్చింది. గెడ్డ అవతల, ఏటవాలు చేను మీద, గుంపుకి గుంపు! చుక్కల వీపులు, కొమ్ములున్నది ఒకటి కాపలాగా తలెత్తి, పిల్లలు తల్లుల చుట్టూ గెంతుతూ, నిమ్మళంగా మేస్తున్నాయి. ఎగిరి గంతేద్దామనుకున్నాను. గంతుకి కాలెత్తి, అలాగే ఆగిపోయాను. ఆ చేను ఎవరిదో నాకు తెలుసు. ఇన్నాళ్ళూ ఇక్కడ కాపలా కాస్తూ మావ తన సొంత ఉలవచేను గాలికొదిలేశాడు. అవి మేస్తున్నది మా అత్తామావల ఏడాది పంట.

వెనక్కి తిరిగాను. మావ ముఖం ఎర్రబడి, మెడ నరాలు పొంగి, రొమ్ము నిండా గాలి పీల్చుకున్నాడు. ఆ గాలి ఎందుకో నాకు తెలుసు. ఒక్క కేక చాలు, గుంపంతా కొండెక్కిపోతుంది, దానితో నా ఉద్యోగమూ. ఆపే హక్కు నాకేముంది? అది ఆయన కష్టం. మావ నా ముఖంలోకి చూశాడు. మళ్ళీ చేను వంక చూశాడు. భుజాన ఉన్న తువ్వాలు లాగి, ఉండచుట్టి, రెండు చేతులతో తన నోట్లో కుక్కేసుకున్నాడు.

అందరూ అటు ఫోటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం ఇటే చూస్తూ నిలబడ్డాను. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి ఆయనకి, గొంతులోంచి 'మ్ మ్' అని చప్పుడొస్తోంది. ఒక పెద్దమనిషి వెనక్కి తిరిగి, "పాపం, ఈయనకి జింకలంటే ఎంత ఇష్టమో చూడండి!" అన్నాడు. మావ తువ్వాలుతోనే తలూపాడు. నేను నవ్వలేక ఏడవలేక ఆయన చెయ్యి పట్టుకున్నాను. చీకటి పడి గుంపు కనబడకుండా పోయాక తువ్వాలు తీసి, "ఉజ్జోగం నిలబడ్డట్టేనేటే?" అని అడిగాడు.

నిలబడింది. ఆ రాత్రే బాబుగారు నా చేతులు పట్టుకుని ఖాయం చేశాడు. నేను అప్పుడే అసలు సంగతి చెప్పేశాను, ఆయన ముందు తెల్లబోయి తర్వాత కళ్ళల్లోంచి నీళ్ళొచ్చేలా నవ్వాడు. జింకలకి ఆ అవతలి గట్టే నచ్చింది కాబట్టి అక్కడే తిననిద్దామని, ఇవతల మావ కాసిన పంట గింజ కూడా మిగల్చకుండా మావకే ఇచ్చేద్దామని తేల్చాం. అలా విడిది చేను మావదైంది, మావ చేను జింకలదైంది. ఆ ఏడు విడిది చేను దిగుబడి చూసి అత్త అమ్మవారికి మళ్ళీ కొబ్బరికాయ కొట్టింది. మరుసటి ఏడు నుంచి మావ అక్కడ కాపలాదారుడిగా చేరి, పొద్దున్నా సాయంత్రం ఇవతల దర్జాగా "హోయ్" అనేవాడు, జింకలు అవతల నిమ్మళంగా మేసేవి. ఆ కేక వినడానికే కొందరు అతిథులు మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. నాన్న ఒకసారి చూడ్డానికి వచ్చి, చాలాసేపు నిలబడి, "ఇదేటి యవసాయమే" అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు నేను అక్కడ లేను. నరసన్నపేట వైపు రైతులకి పంటల సలహాలు చెప్పే పని నాది. వాళ్ళు ఎక్కువగా అడిగేది పందులూ కోతులూ చేలోకి రాకుండా ఏం చేయాలని. గంభీరంగా ముఖం పెట్టి చెబుతూ ఉంటాను. మొన్న అలాగే ఒక పెద్దాయనకి చెబుతుండగా మావ ఫోను చేశాడు. "ఒలే డిప్లమా, సలి మొదలైపోనాది, మన సేను మీదకి అవి ఇంకా రానేదే. ఆ కొమ్ములది ముసలిదైపోనాది, ఒంట్లో బాగున్నాదో నేదో. నాకు అన్నం సయించడం నేదు. ఏటైనా సెయ్యి" అన్నాడు. "వస్తాయిలే మావా, నాది పూచీ" అనేశాను. అన్నాక తెలిసింది, అది అచ్చంగా ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గొంతే. ఏమీ తెలియకపోయినా ఎంత ధైర్యంగా మాట ఇచ్చేసేదో! నాలో నేనే నవ్వుకుంటూ ఫోను పెట్టేశాను. మావ గొంతు ఫోను దాటి బయటికి కూడా వినబడుతుంది కదా, ఎదురుగా ఉన్న పెద్దాయన కంగారుగా ముందుకి వంగి, "ఎవులికమ్మా, ఒంట్లో బాగోనేదేటి?" అని అడిగాడు.

"మా చుట్టాలకండి. కొండ మీదుంటారు" అన్నాను.